‘టక్’ మంటుంది, కారు స్టార్టు కాదు – కారణం వెతికే పద్ధతి

(ఒక పూర్వ విద్యార్థి, ఆటో ఎలక్ట్రీషియన్)



మన వసతి గృహం వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదక మిత్రులు అడిగినప్పుడు కొంచెం భయం వేసింది. కవితలు రాసేవాళ్లు, పోటీ పరీక్షల గురించి రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేను పదో తరగతి తర్వాత ఐటిఐలో మోటారు మెకానిక్ ట్రేడు చదివి, విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రికల్ షాపులో పని నేర్చుకున్నవాణ్ణి. నాకు తెలిసినవి బ్యాటరీలు, సెల్ఫ్ మోటార్లు, తీగలు. ‘అదే రాయి, డ్రైవర్లుగా ఉన్న మనవాళ్లకు పనికొస్తుంది, పిల్లలకు సైన్సు పాఠంలా ఉంటుంది’ అన్నారు. అందుకని నేను చేసిన ఒక తప్పుతోనే ఈ పాఠం మొదలుపెడుతున్నాను.

నేను ఫోన్‌లో చెప్పిన తప్పు వైద్యం

2022 జులైలో ఒకరోజు తెల్లవారుజామున నాలుగున్నరకు నాకు ఫోన్ వచ్చింది. చేసింది హాస్టల్లో మూడేళ్లు నా ట్రంకు పెట్టె పక్కన పెట్టె పెట్టుకున్న స్నేహితుడు. ఫైనాన్సులో ఒక పాత కారు కొనుక్కుని ట్యాక్సీ తిప్పుకుంటున్నాడు. ‘ఒరే, రైలుకు పోవాల్సిన పార్టీ ఇంటి ముందు ఉన్నాను. తాళం తిప్పితే టక్ మంటోంది గాని స్టార్టు కావట్లేదురా’ అన్నాడు.

నేను నిద్రమత్తులోనే ‘బ్యాటరీ పోయుంటుంది, కొత్తది వేయించుకో’ అని చెప్పి పడుకున్నాను.

ఆ పార్టీ ఆటో పిలుచుకుని వెళ్లిపోయింది. వాడు అప్పు చేసి కొత్త బ్యాటరీ వేయించాడు. పాతది షాపులో ఇచ్చేస్తే కొంత తగ్గించారట. బండి స్టార్టయింది. రెండు వారాలకు మళ్లీ అదే టక్. ఈసారి వాళ్ల ఊరి మెకానిక్ సెల్ఫ్ మోటారు విప్పి, బ్రష్‌లు మార్చి బిగించాడు. మళ్లీ స్టార్టయింది. ఇరవై రోజులకు మళ్లీ అదే. ఆ నెల ఫైనాన్సు వాయిదా తప్పింది. కూతురి ఇంటర్ ఫీజు కట్టాల్సి ఉంది. ‘ఈ బండి అచ్చి రాలేదురా, అమ్మేస్తాను’ అని ఫోన్ చేశాడు.

ఆ ఆదివారం నేను మీటరు సంచిలో వేసుకుని బస్సెక్కాను. కారణం దొరకడానికి పది నిమిషాలు పట్టింది. గేరుబాక్సుకు బిగించిన ఎర్త్ తీగ కింద తుప్పు పట్టి ఉంది. విప్పి, గరుకు కాగితంతో రుద్ది బిగించాను. గరుకు కాగితం తప్ప ఖర్చేమీ లేదు. బ్యాటరీ చెడలేదు, సెల్ఫ్ మోటారూ చెడలేదు.

మరి ఆ రెండుసార్లు ఎందుకు బాగైంది? బ్యాటరీ మార్చేటప్పుడు ఎర్త్ తీగ కదిలింది. సెల్ఫ్ విప్పేటప్పుడు దాని పక్కనే ఉన్న ఎర్త్ బోల్టును కూడా కదిలించారు. తుప్పు కొంచెం నలిగి కొన్నాళ్లు కరెంటు పోయింది. అందుకే మార్చిన సామానే మందులా కనబడింది. మన పనిలో అన్నిటికంటే పెద్ద మోసం ఇదే. ఎవరూ మోసం చేయకపోయినా డబ్బు పోతుంది.

‘నువ్వు చెప్పావనే మార్చానురా’ అని వాడు ఒక్క మాట అన్నాడు. కోపంగా అనలేదు. ఆ మాటే ఈ వ్యాసం రాయిస్తోంది.

తాళం తిప్పితే లోపల ఏం జరుగుతుంది?

మనం ‘సెల్ఫ్’ అని పిలిచేది స్టార్టర్ మోటారును. ఒకప్పుడు ఇంజనును ముందు నుంచి ఇనుప హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పేవారు. హ్యాండిల్ వెనక్కి తన్నితే చేతులు విరిగేవి. అమెరికాలో ఛార్లెస్ కెట్టరింగ్ తయారుచేసిన విద్యుత్ స్టార్టరు 1912 మోడల్ క్యాడిలాక్ కారులో వచ్చింది. ఆ పద్ధతే మార్పులతో ఇప్పటి కార్లలోనూ ఉంది.

ఇందులో రెండు దారులు ఉన్నాయని గుర్తుపెట్టుకోండి. ఒకటి చిన్న కరెంటు దారి, రెండోది పెద్ద కరెంటు దారి.

తాళం తిప్పగానే చిన్న కరెంటు ఒక సన్నని తీగలో నుంచి సెల్ఫ్ మీద ఉండే సొలినాయిడ్‌కు వెళుతుంది. సొలినాయిడ్ అంటే వేరే ఏమీ కాదు, పదో తరగతిలో మీరు చదివే విద్యుదయస్కాంతమే. తీగచుట్టలో కరెంటు పారితే అయస్కాంతం అవుతుంది, లోపలి ఇనుప కడ్డీని లాగుతుంది. ఆ కడ్డీ రెండు పనులు చేస్తుంది. ఒక పక్క చిన్న పళ్ల చక్రాన్ని ముందుకు నెట్టి ఇంజను ఫ్లైవీల్ పళ్లలో కలుపుతుంది. ఇంకో పక్క లావుపాటి రాగి కాంటాక్టులను మూస్తుంది. అవి మూసుకోగానే బ్యాటరీ నుంచి పెద్ద కరెంటు మోటారులోకి దూకుతుంది. మోటారు తిరుగుతుంది, ఇంజనును తిప్పుతుంది.

మీకు వినబడే ‘టక్’ ఆ ఇనుప కడ్డీ కదిలిన చప్పుడు. అంటే టక్ మందంటే తాళం స్విచ్చి పని చేసింది, సన్నని తీగ పని చేసింది, అయస్కాంతం లాగింది. చిన్న దారి దాదాపు బాగున్నట్టే. పెద్ద దారిలో ఎక్కడో అడ్డం ఉంది, లేదా బ్యాటరీలో అంత కరెంటు లేదు. టక్ అనేది చెడు వార్త మాత్రమే కాదు, వెతకాల్సిన చోటును సగానికి తగ్గించే వార్త.

ఒక జాగ్రత్త. కొన్ని కార్లలో డ్యాష్‌బోర్డు కిందో, ఫ్యూజు పెట్టెలోనో చిన్న రిలే ఉంటుంది. అది ‘టిక్’ అని మెల్లగా అంటుంది. సొలినాయిడ్ ‘టక్’ ఇంజను దగ్గర నుంచి గట్టిగా వస్తుంది. ఒకరు తాళం తిప్పుతుంటే ఇంకొకరు బయట నిలబడి ఏ చప్పుడు ఎక్కడ నుంచి వస్తోందో వినాలి.

ముందు చెవితో పరీక్ష

ఒకటి: ఏ చప్పుడూ లేదు. చిన్న దారి తెగి ఉండవచ్చు. తాళం స్విచ్చి, ఫ్యూజు, రిలే, సన్నని తీగ చూడాలి. కొన్ని కార్లు క్లచ్ తొక్కితేనే స్టార్టవుతాయి. ఆటోమేటిక్ గేరు కారైతే గేరు ‘ఎన్’లో పెట్టి మరోసారి ప్రయత్నించాలి. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయినా చప్పుడు ఉండదు. అప్పుడు హారన్ కూడా మోగదు.

రెండు: టకటకటక అని వరుసగా కొట్టుకుంటుంది. ఎక్కువసార్లు ఇది బ్యాటరీ నీరసం. సొలినాయిడ్ లాగుతుంది, కాంటాక్టులు మూసుకుంటాయి, మోటారు కరెంటు అడగగానే బ్యాటరీ వోల్టేజి పడిపోతుంది, అయస్కాంతం పట్టు వదిలేస్తుంది. వదిలేయగానే భారం పోయి వోల్టేజి లేస్తుంది, మళ్లీ లాగుతుంది. సెకనులో ఎన్నోసార్లు ఇలా జరగడమే ఆ టకటక. బ్యాటరీ టెర్మినల్ వదులుగా ఉన్నా ఇదే చప్పుడు వస్తుంది.

మూడు: ఒక్కటే గట్టి టక్, తర్వాత నిశ్శబ్దం. సొలినాయిడ్ లాగి పట్టుకుంది గాని మోటారు తిరగలేదు. సొలినాయిడ్ కాంటాక్టులు కాలి ఉండవచ్చు, మోటారు బ్రష్‌లు అరిగి ఉండవచ్చు, లావు తీగ దగ్గరో ఎర్త్ దగ్గరో తుప్పు ఉండవచ్చు. అరుదుగా ఇంజనే పట్టేసి ఉండవచ్చు. నా స్నేహితుడిది ఈ రకం. ఆ రోజు ఫోన్‌లో ‘ఒక్క టక్కా, టకటకా?’ అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే బ్యాటరీ పేరు అంత తొందరగా ఎత్తేవాణ్ణి కాదు.

నాలుగు: మోటారు గిర్రున తిరుగుతుంది, ఇంజను తిరగదు. పళ్లు కలవడం లేదన్నమాట.

ఐదు: ఇంజను చక్కగా తిరుగుతుంది గాని అంటుకోదు. ఇది సెల్ఫ్ సమస్య కాదు. పెట్రోలు, స్పార్కు వైపు చూడాలి. అది వేరే పాఠం.

చప్పుడు ఒక్కటే తీర్పు కాదు. అది ఎటు వెళ్లాలో దారి చూపిస్తుంది. తీర్పు కొలిచిన తర్వాతే.

‘లైట్లు వెలుగుతున్నాయిగా, బ్యాటరీ బాగుంది’

డ్రైవర్లందరూ అనే మాట ఇది. ఇందులో తప్పెక్కడో చూడాలంటే మన హాస్టల్ కుళాయిల దగ్గరికి రావాలి.

పైన ట్యాంకు నిండుగా ఉండేది గుర్తుందా? పైపులో తుప్పు, పాచి పట్టి దారి సన్నబడింది. మధ్యాహ్నం ఒక్క కుళాయి తిప్పి గ్లాసు పట్టుకుంటే నీళ్లు బాగానే వచ్చేవి. పొద్దున్నే అందరం ఒకేసారి కుళాయిలన్నీ తిప్పితే చుక్కలే. ‘ట్యాంకులో నీళ్లు లేవు’ అని వాచ్‌మన్‌తో పోట్లాడేవాళ్లం. ఆయన నిచ్చెనెక్కి చూసి ‘నిండా ఉన్నాయి బాబూ’ అనేవాడు. ఇద్దరిదీ నిజమే. నీళ్లున్నాయి, దారి లేదు.

కారులో లైటు ఒక్క గ్లాసు నీళ్లు అడిగేది. సెల్ఫ్ కుళాయిలన్నీ ఒకేసారి తిప్పినట్టు అడిగేది. 55 వాట్ల హెడ్‌లైటు బల్బు 12 వోల్టుల దగ్గర సుమారు నాలుగున్నర ఆంపియర్లు తీసుకుంటుంది. రెండు బల్బులకు 9 ఆంపియర్లు. చిన్న పెట్రోలు కారు సెల్ఫ్ ఇంజనును తిప్పేటప్పుడు 100 ఆంపియర్ల పైనే తీసుకుంటుంది. డీజిల్ ఇంజనుకు ఇంకా ఎక్కువ.

ఇప్పుడు ఓమ్ నియమం తెరవండి. జర్మనీకి చెందిన జార్జ్ సైమన్ ఓమ్ 1827లో ప్రకటించిన నియమం. వోల్టేజి = కరెంటు × నిరోధం. బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లని పొడి పట్టి 0.04 ఓముల నిరోధం వచ్చిందనుకుందాం. అది కంటికి లెక్కలేనంత చిన్న సంఖ్య.

లైట్లు వేసినప్పుడు: 9 × 0.04 = 0.36 వోల్టులు. ఆ టెర్మినల్ దగ్గర పోయేది అంతే. లైటు తగ్గినట్టు కూడా తెలియదు.

సెల్ఫ్ 120 ఆంపియర్లు అడిగినప్పుడు: 120 × 0.04 = 4.8 వోల్టులు. బ్యాటరీ 12 వోల్టులు ఇచ్చినా మోటారుకు మిగిలేది 7.2 వోల్టులే. నిజానికి ఆ నష్టం వల్ల కరెంటే తగ్గిపోతుంది, మోటారుకు తిరిగే బలం చాలదు. టక్ మని ఆగిపోతుంది.

అదే టెర్మినల్, అదే తుప్పు. చిన్న కరెంటుకు కనబడలేదు, పెద్ద కరెంటుకు గోడలా అడ్డం నిలిచింది. నా స్నేహితుడి కారులో ఇంకో సంగతి కూడా ఉంది. లైట్ల ఎర్త్ బాడీ మీద ఉంది, సెల్ఫ్ ఎర్త్ గేరుబాక్సు మీద ఉంది. పాడైంది గేరుబాక్సు ఎర్త్ కాబట్టి లైట్లు ధగధగా వెలిగాయి. లైటు వెలిగితే లైటు దారి బాగుందని అర్థం, అంతే. సెల్ఫ్ దారి గురించి అది ఏమీ చెప్పదు.

వరుసగా వెతకడం

పని మొదలుపెట్టే ముందు గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేకు వేయండి. చేతి ఉంగరం, కడియం, లోహపు గడియారం తీసేయండి. బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు. చార్జింగ్ అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. లోపల ఉండేది సల్ఫ్యూరిక్ ఆమ్లం. కంట్లో పడితే వెంటనే చాలాసేపు మంచినీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

1. హెడ్‌లైటు వేసి తాళం తిప్పండి. లైటు బాగా మాడిపోయినట్టు తగ్గితే బ్యాటరీ నీరసం గానీ, టెర్మినల్ వదులు గానీ అనుకోవాలి. మోటారో ఇంజనో బిగుసుకుపోయినా లైటు తగ్గుతుంది. టక్ మన్నా లైటు ఏమాత్రం తగ్గకపోతే పెద్ద కరెంటు మోటారుకు చేరనే లేదు. కాంటాక్టులు, బ్రష్‌లు, ఇంజను ఎర్త్ చూడాలి.

2. టెర్మినళ్లను చేత్తో తిప్పి చూడండి. చేత్తో తిరిగితే అది వదులే. తెల్లగానో పచ్చగానో పొడి ఉంటే విప్పి, వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, తుడిచి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దండి. విప్పేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు చివర నెగెటివ్. ఎందుకంటే నెగెటివ్ ఉండగా పాజిటివ్ విప్పుతుంటే, పానా పొరపాటున బాడీకి తగిలి బ్యాటరీ షార్టవుతుంది. నెగెటివ్ ముందే తీసేస్తే ఆ ప్రమాదం ఉండదు.

3. మీటరుతో బ్యాటరీ కొలవండి. మామూలు డిజిటల్ మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. బండి ఆగి కొన్ని గంటలు అయ్యాక 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే సుమారు ముప్పాతిక, 12.2 అంటే సగం, 12కు దిగితే పావు వంతే అనుకోండి. బ్యాటరీలో ఆరు గదులుంటాయి, ఒక్కొక్కటి సుమారు 2.1 వోల్టులు. అందుకే నిండు బ్యాటరీ 12 కాకుండా 12.6 చూపిస్తుంది.

4. భారం పెట్టి కొలవండి. 12.6 చూసి మోసపోకండి. ట్యాంకు నిండుగా ఉండటం వేరు, ధార రావడం వేరు. ఒకరు తాళం తిప్పుతుంటే బ్యాటరీ మీద మీటరు చూడండి. ఇంజను తిరుగుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతే ముందు బ్యాటరీని చార్జి చేసి మళ్లీ కొలవండి. నిండా చార్జి చేసినా పడిపోతుంటే అప్పుడు బ్యాటరీ పోయిందనండి. ఒకవేళ టక్ మన్నా మీటరు 12 దగ్గరే నిలబడితే బ్యాటరీని అనవసరంగా తిట్టకండి.

5. దారిని కొలవండి. చాలా షాపుల్లో వదిలేసేది ఈ పరీక్షే. మీటరు ఒక కొస బ్యాటరీ నెగెటివ్ మొగ్గ మీద, రెండో కొస ఇంజను శుభ్రమైన లోహం మీద పెట్టి తాళం తిప్పించండి. దారి బాగుంటే 0.2 లేక 0.3 వోల్టులకు మించదు. తర్వాత పాజిటివ్ మొగ్గ నుంచి సెల్ఫ్ లావు తీగ బోల్టు దాకా కొలవండి. 0.5 దాటకూడదు. ఎక్కడ ఎక్కువ చూపిస్తే అక్కడే అడ్డం ఉన్నట్టు. నా స్నేహితుడి కారులో నెగెటివ్ వైపు 7 వోల్టులు చూపించింది. బ్యాటరీ బలమంతా ఆ తుప్పే తినేస్తోంది. చేతులు, బట్టలు, మెడలో తువ్వాలు ఫ్యాన్ బెల్టుకు దూరంగా ఉంచుకోండి. ఇంజను ఒక్కసారిగా స్టార్టు కావచ్చు.

మీటరు లేకపోతే ఒక ఉపాయం. జంపర్ తీగ ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కు, రెండో కొస ఇంజను శుభ్రమైన లోహానికి పట్టించి తాళం తిప్పండి. వెంటనే స్టార్టయితే ఎర్త్ తీగే దొంగ.

6. దారులన్నీ బాగున్నాయి, బ్యాటరీ బాగుంది, సొలినాయిడ్ సన్నని తీగకు కరెంటు వస్తోంది, టక్ మంటోంది, అయినా తిరగలేదు. అప్పుడు సెల్ఫ్ విప్పాలి. కాంటాక్టులు, బ్రష్‌లు, ఆర్మేచర్ చూస్తారు. దారిలో చిక్కుకుంటే సెల్ఫ్ బాడీని కర్రతో మెల్లగా తడితే ఇరుక్కున్న బ్రష్ కదిలి ఒకసారి స్టార్టు కావచ్చు. అది షాపు దాకా తీసుకెళ్లే ఉపాయమే గాని వైద్యం కాదు. సుత్తితో బాదకండి. కొన్ని మోటార్లలో లోపల శాశ్వత అయస్కాంతాలు అంటించి ఉంటాయి, అవి పగులుతాయి.

7. కారు వరద నీళ్లలో మునిగిందా? అయితే తాళమే తిప్పకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు విజయవాడలో ఎన్నో బండ్లు మునిగాయి. సిలిండరులో నీళ్లుంటే అవి గాలిలా నలగవు. పిస్టన్ పైకి రాలేక ఆగిపోతుంది. ‘టక్’ మని ఆగిందని మళ్లీ మళ్లీ తిప్పినా, తోసి స్టార్టు చేసినా కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. వేలల్లో పోయేది లక్ష దాటుతుంది. బండిని లాగించి మెకానిక్‌కు అప్పగించండి.

స్టార్టయ్యాక మర్చిపోయే ప్రశ్న

వేరే బ్యాటరీ నుంచి జంపర్ పెట్టి స్టార్టు చేయడం అందరికీ తెలుసు. వరుస మాత్రం తప్పుతారు. ఎర్ర తీగ ముందు డౌనైన బ్యాటరీ పాజిటివ్‌కు, తర్వాత మంచి బ్యాటరీ పాజిటివ్‌కు. నల్ల తీగ మంచి బ్యాటరీ నెగెటివ్‌కు, చివరి కొస డౌనైన కారు ఇంజను లోహానికి, బ్యాటరీకి దూరంగా. చివరి కొస పెట్టేటప్పుడు నిప్పురవ్వ వస్తుంది, అది బ్యాటరీ వాయువు దగ్గర రాకూడదనే ఈ వరుస. మీ కారు పుస్తకంలో వేరేగా రాసి ఉంటే అదే పాటించండి.

స్టార్టయ్యాక ‘హమ్మయ్య’ అని వెళ్లిపోవడం కాదు. బ్యాటరీ ఎందుకు డౌనయింది? ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మీద మీటరు పెట్టండి. మామూలుగా 13.8 నుంచి 14.5 వోల్టుల దాకా ఉండాలి. 13 కంటే తక్కువ ఉంటే చార్జింగ్ లేదు. పాతవాళ్లు డైనమో అనే ఆల్టర్నేటరునో, దాని బెల్టునో చూడాలి. చార్జింగ్ బాగుంటే రాత్రంతా ఏ లైటు వెలిగిందో, బ్యాటరీ ఎన్నేళ్లదో చూడాలి. కారు బ్యాటరీలు మామూలుగా మూడు నుంచి ఐదేళ్లు వస్తాయి.

చార్జింగ్ చూడటానికి ఇంజను నడుస్తుండగా టెర్మినల్ పీకడం పాత డ్రైవర్ల అలవాటు. ఇప్పటి కార్లలో అలా చేయవద్దు. వోల్టేజి ఎగిరి కంప్యూటర్ బాక్సు కాలిపోవచ్చు. తాళాన్ని పది సెకన్లకు మించి పట్టి ఉంచవద్దు, మధ్యలో విరామం ఇవ్వండి. సొలినాయిడ్ బోల్టులను స్క్రూడ్రైవర్‌తో కలిపి స్టార్టు చేయవద్దు. గేరులో ఉంటే బండి మనిషి మీదికి వస్తుంది.

తమ్ముళ్లకు ఒక మాట

పదో తరగతిలో స్టడీ అవర్‌లో కూర్చుని ‘ఓమ్ నియమమును నిర్వచింపుము’ అని బట్టీ పట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. నాలుగు మార్కులు వచ్చాయి, అయిపోయింది అనుకున్నాను. ఆటోనగర్‌లో మా మేస్త్రి గారు మొదటిసారి మీటరు చేతికిచ్చి దారి కొలవమన్నప్పుడు అదే పాఠం ఎదురైంది. పుస్తకంలో ‘నిరోధం’ అన్నది షాపులో ‘తుప్పు’ అయింది. ‘పొటెన్షియల్ భేదం’ అన్నది మీటరు మీద అంకె అయింది. మనం తెలుగు మీడియంలో చదివాం, ఏం పనికొస్తుందిలే అని ఎవరైనా అంటే నమ్మకండి. పాఠం అర్థమైతే అది ఏ మీడియంలోనైనా పనికొస్తుంది.

ఇంకొక్కటి. మన హాస్టల్ నుంచి వెళ్లినవాళ్లలో డ్రైవర్లు ఉన్నారు, మెకానిక్‌లు ఉన్నారు. మన దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అప్పు తెచ్చి బండి బాగుచేయించుకునేవాళ్లే. సామాను మార్చడం ఎవరికైనా వస్తుంది, బిల్లు కట్టేది అవతలివాడు. కొలవకుండా చెప్పే మాట ఖరీదు నాకు తెలిసొచ్చింది. అందుకే ఇప్పుడు ఎవరు ఫోన్ చేసినా మూడు ప్రశ్నలు అడిగాకే మాట్లాడతాను. ఏ చప్పుడు వచ్చింది? తాళం తిప్పినప్పుడు లైటు తగ్గిందా? టెర్మినళ్లు, ఎర్త్ చూశావా?

నా స్నేహితుడు బండి అమ్మలేదు. ఇప్పటికీ తిప్పుతున్నాడు. కూతురు ఇంటర్ పూర్తి చేసి డిగ్రీలో చేరింది. ఆ రోజు బస్సెక్కే ముందు బ్యాటరీ డబ్బులు వాడి జేబులో పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. ‘బ్యాటరీ ఎలాగూ రెండేళ్లకైనా మార్చాల్సిందే లేరా. ఇంకోసారి ఎవరైనా ఫోన్ చేస్తే, లేచి కూర్చుని మాట్లాడు’ అన్నాడు.

అప్పటి నుంచి లేచి కూర్చునే మాట్లాడుతున్నాను. మీరు కూడా అలాగే చేయండి. అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.